పాఠకుల ప్రశ్నలు: సైకోపాత్ అని తేల్చేది ఎవరు?

జాన్ రాన్సన్ 2011లో రాసిన ‘ద సైకోపాత్ టెస్ట్’ చదివిన పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. పుస్తకం చదవనివారి కోసం రెండు ముక్కలు. రాన్సన్ బ్రిటన్‌కు చెందిన పాత్రికేయుడు. ఎదుటివారి బాధ పట్టని, పశ్చాత్తాపం లేని మనుషులను, అంటే సైకోపాత్‌లను, గుర్తించడానికి కెనడా సైకాలజిస్ట్ రాబర్ట్ హేర్ తయారుచేసిన ఇరవై లక్షణాల పట్టికను శిక్షణ తరగతిలో నేర్చుకుంటాడు. దాన్ని పట్టుకుని జైలుకూ, కట్టుదిట్టమైన కాపలా ఉన్న ఆస్పత్రికీ, ఒక పెద్ద కంపెనీ మాజీ అధిపతి ఇంటికీ వెళతాడు. కొన్నాళ్లకు ఎవరిని చూసినా పట్టికలోని లక్షణాలే కనిపించడం మొదలవుతుంది. తన చూపే చెడిపోయిందని చివరికి తనే గుర్తిస్తాడు. మాకు వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ చివరి భాగానికి ముందే ఆగిపోయినవాళ్లు రాసినట్టున్నాయి.

ప్రశ్న: పుస్తకంలోని ఇరవై లక్షణాలూ పెట్టుకుని మా మేనేజర్‌కు మార్కులు వేశాను. 33 వచ్చాయి. 30 దాటితే సైకోపాత్ అని ఉంది కదా, ఈ సంగతి మా హెచ్‌ఆర్ విభాగానికి చెప్పవచ్చా?

జవాబు: చెప్పకండి. మీ మేనేజర్ మంచివారని మేం అనడం లేదు. ఆయన వల్ల మీరు పడుతున్న బాధ నిజమే కావచ్చు. కానీ ఆ 33కు మాత్రం ఏ విలువా లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాం, ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే కాబట్టి.

ఆ పట్టిక అసలు పేరు సైకోపతీ చెక్‌లిస్ట్ - రివైజ్డ్. 1991లో వచ్చింది, 2003లో రెండో కూర్పు వెలువడింది. ఒక్కో అంశానికి 0, 1 లేదా 2 మార్కులు, మొత్తం 40. ఉత్తర అమెరికాలో 30ని గీతగా పెట్టుకున్నారు, బ్రిటన్ పరిశోధనల్లో తరచు 25 వాడతారు. గీత దేశాన్ని బట్టి మారుతోందంటేనే అర్థమవుతుంది, అది మనిషిని రెండుగా చీల్చే గోడ కాదని. పైగా శిక్షణ పొందినవాళ్లు కొలిచినా సుమారు 3 మార్కుల అటూ ఇటూ సహజం.

మార్కులు వేసే ముందు నిపుణుడు కాగితాలు చదువుతాడు: పోలీసు, కోర్టు రికార్డులు, బడి రికార్డులు, ఉద్యోగాల చరిత్ర, పాత వైద్య నివేదికలు, కుటుంబసభ్యులు చెప్పినవి. ఆ తర్వాత ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటన్నర నుంచి రెండు గంటలు మాట్లాడతాడు. చిన్నతనం, చదువు, డబ్బు, పెళ్లిళ్లు, స్నేహాలు, నేరాలు అన్నీ అడుగుతాడు. నోటితో చెప్పినదానికీ కాగితంలో ఉన్నదానికీ పొంతన కుదరని చోటే అసలు సమాచారం దొరుకుతుంది. కాగితాలు లేకుండా మాటలు విని మార్కులు వేయడం నిషిద్ధం. అబద్ధాలాడటంలో ఆరితేరిన మనిషిని కొలుస్తున్నప్పుడు అతని మాటే ఆధారమైతే ఇక కొలత ఎక్కడుంది? మీ విషయంలో ఈ రెండూ లేవు, ఇంటర్వ్యూ లేదు, రికార్డులూ లేవు.

ఇంకో సంగతి. ప్రతి అంశాన్నీ జీవితం మొత్తానికి చూడాలి, ఒక్క ఆఫీసుకో ఒక్క ఏడాదికో కాదు. ‘ఇతరుల మీద పడి బతకడం’ అన్న అంశాన్నే తీసుకోండి. ఉద్యోగం పోయి అన్న ఇంట్లో ఉన్నవాడికి అక్కడ మార్కు పడదు. పని చేయగలిగి ఉండీ, పథకం ప్రకారం ఒకరి తర్వాత ఒకరిని పీల్చుకుంటూ బతికినవాడికి పడుతుంది. ‘షరతుల మీద విడుదలై వాటిని ఉల్లంఘించడం’ అన్న అంశమూ ఉంది. జైలు మొహం చూడనివాడికి దాన్ని వదిలేసి, మిగతా మార్కులను లెక్క ప్రకారం పెంచి మొత్తం తేలుస్తారు. అలా వదిలేయగలిగినవి అయిదు అంశాలకు మించకూడదు. బాల్యం గురించీ వ్యక్తిగత సంబంధాల గురించీ ఉన్న అంశాలకు మీరు మార్కులెలా వేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఊహించే ఉంటారు.

ఊహకు కోపం తోడైతే అంకె పైకే పోతుంది. ఇది మామూలు పాఠకుల బలహీనత మాత్రమే కాదు. 2013లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, కోర్టు కేసుల కోసం మనుషుల మానసిక స్థితిని పరీక్షించే ఫోరెన్సిక్ నిపుణులకు ఒకే నేరస్థుల ఫైళ్లు ఇచ్చి, కొందరికి మీరు ప్రాసిక్యూషన్ తరఫున అనీ, కొందరికి ముద్దాయి తరఫున అనీ చెప్పారు. ప్రాసిక్యూషన్ తరఫున అనుకున్నవాళ్ల మార్కులు ఎక్కువగా వచ్చాయి. చదువుకున్న నిపుణులకే పిలిచిన పక్షం వైపు త్రాసు మొగ్గితే, రోజూ ఆయన చేత మాటలు పడే మీకు మొగ్గకుండా ఎలా ఉంటుంది?

మీ చేతిలో ఉన్నది వేరే. ఆయన ఏమిటో రాయకండి, ఏం చేశారో రాయండి. తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టుగానే, అప్పుడు అక్కడ ఉన్నవారి పేర్లు, దానివల్ల పనికి జరిగిన నష్టం. ‘ఆయన సైకోపాత్’ అన్నది అభిప్రాయం, అది మీ మీదికే తిరగబడుతుంది. ‘4వ తేదీన నేను తయారుచేసిన నివేదికను తన పేరుతో పంపారు, రెండు మెయిళ్లూ జతచేశాను’ అన్నది సాక్ష్యం. నోటిమాటగా ఏ పని అప్పగించినా అదే రోజు ‘మీరు చెప్పినది ఇదే కదా’ అని ఒక మెయిల్ పెట్టి ఉంచండి. సంస్థ నియమాలు ఒప్పుకున్నంత మేరకు ప్రతులు భద్రపరచుకోండి. ఆయనలో పశ్చాత్తాపం పుట్టించాలని ఒంటరిగా కూర్చుని మనసు విప్పకండి. మీ మీద వాడుకోవడానికి ఆ మాటలే పనికొస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు చెప్పారు. బంధువులు వాణ్ణి ‘సైకో’ అంటున్నారు. పుస్తకంలో సైకోపాత్, మతి చలించినవాళ్లు ఒకే ఆస్పత్రిలో ఉన్నారు. మావాడి వల్ల మాకు ప్రమాదమా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ మాట సంగతి. సైకోసిస్, సైకోపతీ రెండూ మనసు అనే అర్థమున్న ఒకే గ్రీకు మాట నుంచి పుట్టాయి. రెండింటినీ కత్తిరించి ‘సైకో’ అనడంతో, ఒకదానికొకటి సంబంధం లేని రెండు స్థితులు జనం నోట ఒకటైపోయాయి. మీ అబ్బాయికి ఉన్న స్కిజోఫ్రీనియాలో వచ్చేది సైకోసిస్. అందులో మనిషికి వాస్తవంతో పట్టు తప్పుతుంది. ఎవరూ లేని చోట మాటలు వినిపిస్తాయి, ఎవరో తనను వెంటాడుతున్నారన్న నమ్మకం కదలదు. ఎక్కువగా భయపడేది అతనే. సైకోపతీలో వాస్తవం మీద పట్టు చెక్కుచెదరదు. తాను చేసేది తప్పని తెలుసు, ఎదుటివారికి నొప్పి కలుగుతుందనీ తెలుసు. ఆ నొప్పి అతన్ని ఆపదు, అంతే. మన పెద్దలు గోముఖ వ్యాఘ్రం అన్నది ఈ రెండో రకాన్ని. మీ అబ్బాయిని కాదు.

పుస్తకంలోని ఆస్పత్రి ఇంగ్లాండ్‌లోని బ్రాడ్‌మూర్. 1863లో మొదలైంది. తీవ్రమైన మానసిక జబ్బుతో నేరం చేసినవారినీ, వ్యక్తిత్వ రుగ్మత ఉన్న నేరస్థులనూ అక్కడ ఉంచుతారు. చూరు ఒకటే, జబ్బులు వేరు.

ఇక ప్రమాదం. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యి చేసుకోరు. ముప్పు కొంత పెరిగేది మందు మొదలుపెట్టని తొలి దశలో, మద్యం లేదా గంజాయి తోడైనప్పుడు. ఇతరుల చేతిలో దెబ్బలు తినే అవకాశమే వీళ్లకు ఎక్కువ. మీరు నిజంగా కనిపెట్టుకుని ఉండాల్సింది ఆత్మహత్య విషయంలో. ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి సుమారు అయిదుగురు అలా పోతున్నారు. జబ్బు బయటపడిన మొదటి కొన్నేళ్లు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలు మరీ జాగ్రత్తగా ఉండాలి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ.

మందు సరైన మోతాదులో పడ్డాక రెండు వారాల్లో కొంత తేడా కనిపించాలి. పనిచేసిందా లేదా అని తేల్చడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండు వేర్వేరు మందులు సరిగా వాడినా ఫలితం లేకపోతే క్లోజపిన్ అనే మందు గురించి డాక్టరును మీరే అడగండి. దానికి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించాలి, మొదట్లో వారం వారం. ఆ భయంతో చాలామంది విషయంలో ఆలస్యం జరుగుతోంది, అది మంచిది కాదు. తొలిసారి జబ్బు తగ్గాక కూడా మందు కనీసం ఒకటి రెండేళ్లు సాగాలి. మానేసిన మర్నాడే జబ్బు తిరగబెట్టదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు బాగానే ఉంటుంది, మగత పోయి చురుగ్గా కూడా కనిపిస్తాడు. ‘చూశారా, మందు అక్కర్లేదు’ అని ఇంటిల్లిపాదీ నమ్మేస్తారు. దెబ్బ తగిలేది అక్కడే. మగత, బరువు, చేతుల వణుకు బాధిస్తుంటే మోతాదు తగ్గించమనో మందు మార్చమనో అడగాలి గానీ ఆపకూడదు.

ఇంట్లో అతని నమ్మకాన్ని కాదని వాదించకండి, అవునని ఒప్పుకోకండి కూడా. ‘నీకలా అనిపిస్తుంటే ఎంత భయంగా ఉంటుందో’ అంటే చాలు. దెప్పిపొడుపులు, అరుపులు ఎక్కువగా ఉన్న ఇంట్లో జబ్బు త్వరగా తిరగబెడుతుందని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. పోయినసారి జబ్బు ముదిరే ముందు ఏమేం మారాయో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి: నిద్ర తగ్గిందా, గది దాటి రాలేదా, అన్నం మీద అనుమానమా. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

బంధువులకు ఏం చెప్పాలంటారా? ‘మా అబ్బాయికి జబ్బు చేసింది, మందులు వాడుతున్నాడు’ అని చెప్పండి. అంతకంటే మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ప్రశ్న: పుస్తకంలో టోనీ అనే అతను జైలు తప్పించుకోవడానికి సినిమాల్లోని మాటలు అప్పు తెచ్చుకుని పిచ్చి నటించానంటాడు. అంత సులువుగా డాక్టర్లను మోసం చేయవచ్చా?

జవాబు: ఒక గంట మోసం చేయవచ్చు. ఒక నెల కష్టం. నటించేవాడికి తెలిసినది పైకి కనిపించే వింత మాటలే. అసలు జబ్బులో ఉండే నిస్తేజమైన మొహం, చిన్న పని కూడా మొదలుపెట్టలేని నిర్లిప్తత, తెగిపోయే ఆలోచన - వీటిని ఇరవై నాలుగు గంటలూ పట్టి ఉంచలేడు. అందుకే ఇంటర్వ్యూ గదికంటే భోజనాల బల్ల దగ్గర నర్సు రాసుకున్న నాలుగు ముక్కలే ఎక్కువ చెబుతాయి.

వినిపించే మాటల గురించి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. నిజంగా వినిపించేవారికి అవి సాధారణంగా వచ్చిపోతుంటాయి, ఏమన్నాయో చెప్పగలరు, వాటిని తగ్గించుకోవడానికి సొంత ఉపాయాలూ ఉంటాయి: ఎవరితోనైనా మాట్లాడటం, పనిలో పడటం. నటించేవాడు తెరిపి లేకుండా వినిపిస్తున్నాయనీ, ఏం చేసినా తగ్గవనీ అంటాడు. భ్రమలు కూడా రాత్రికి రాత్రి పుట్టి రాత్రికి రాత్రి పోవు. ఏ జబ్బులోనూ ఉండని వింత లక్షణాలను ప్రశ్నల మధ్య కలిపి, వాటికీ ‘అవును’ అంటాడేమో చూసే పరీక్షలున్నాయి. ఇవేవీ ఒంటరిగా రుజువు కావు. నిజంగా జబ్బున్నవాడు కూడా ఎవరూ పట్టించుకోవడం లేదని పెంచి చెప్పవచ్చు.

టోనీ విషయంలో బిగుసుకున్న ముడి వేరు. నటించాడని డాక్టర్లూ ఒప్పుకున్నారు. కానీ అలా మోసగించడం పట్టికలోని లక్షణాల్లో ఒకటి. దాంతో అతని మీద సైకోపాత్ ముద్ర పడింది. పుస్తకంలో అత్యంత విలువైన పేజీలు అవేనని మా అభిప్రాయం. ఒక్క అబద్ధంతో 2 మార్కులు రావు నిజమే. కానీ ఒకసారి ముద్ర పడ్డాక మంచి ప్రవర్తన కూడా నటనగానే కనిపించే ప్రమాదం నిజంగా ఉంది.

ఈ సందర్భంలో చాలామంది అమెరికా సైకాలజిస్ట్ రోజెన్‌హాన్ 1973లో ప్రచురించిన ప్రయోగాన్ని ఎత్తిచూపుతారు. ఏ జబ్బూ లేని ఎనిమిది మంది 12 మానసిక ఆస్పత్రులకు వెళ్లి ‘ఖాళీ’, ‘డొల్ల’, ‘ధబ్’ లాంటి మాటలు వినిపిస్తున్నాయని చెప్పి చేరారనీ, సగటున 19 రోజులు లోపలే ఉంచారనీ కథనం. 2019లో సుసానా కహలన్ అనే పాత్రికేయురాలు పాత కాగితాలు తవ్వితీసి ఆ నివేదిక నిజాయితీ మీదే గట్టి సందేహాలు లేవనెత్తింది. దాన్ని తిరుగులేని రుజువుగా వాడటం ఇక మానాలి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. కుక్కపిల్లను తన్నుతాడు, చెల్లి బొమ్మలు విరగ్గొట్టి నవ్వుతాడు, దొరికిపోయినా అబద్ధమే చెబుతాడు. పుస్తకం చదివాక నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఏ నిపుణుడూ సైకోపాత్ అనడు, అనకూడదు. సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అని నిర్ధారించడానికే 18 ఏళ్లు నిండాలి. పిల్లల్లో చూసేది ప్రవర్తన రుగ్మతను. 15 లక్షణాల్లో కనీసం మూడు ఏడాది కాలంలో కనిపించాలి, అందులో ఒకటి గత ఆరు నెలల్లో ఉండాలి. దానితో పాటు పశ్చాత్తాపం లేకపోవడం, ఎదుటివారి బాధ పట్టకపోవడం, చదువు చెడినా చింత లేకపోవడం, భావాలు పైపైనే ఉండటం - ఈ నాలుగింట్లో రెండు ఏడాదికి పైగా, ఇంట్లోనూ బయటా కనిపిస్తే ప్రత్యేకంగా నమోదు చేస్తారు. అలాంటి పిల్లల్లో కూడా చాలామంది పెద్దయ్యాక సైకోపాత్‌లు కారు.

పిల్లల మానసిక నిపుణుణ్ణి కలవండి. ముందుగా చూడాల్సినవి: వినికిడి, నిద్ర, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ లోపించే రుగ్మత), ఆటిజం, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఇంట్లో గానీ బయట గానీ ఎవరైనా కొడుతున్నారా, ముట్టకూడని చోట ముట్టుకుంటున్నారా. నొప్పి పడ్డ పిల్లలు నొప్పి పెట్టడం మనం అనుకునేదానికంటే ఎక్కువ.

ఈలోగా ఇంట్లో మొదలుపెట్టవలసినది శిక్ష కాదు. ఎదుటివారి బాధ పట్టని పిల్లలకు శిక్ష సరిగా ఎక్కదు. గదిలో కూర్చోబెట్టడం లాంటివి మిగతా పిల్లల్లో పనిచేసినంతగా వీళ్లలో పనిచేయవని, బహుమతి, మెచ్చుకోలు మాత్రం బాగానే పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. రోజూ పది నిమిషాలు అతను ఎంచుకున్న ఆట ఆడండి. ఆ పది నిమిషాలూ ఆజ్ఞలు, ప్రశ్నలు, తప్పులెన్నడం వద్దు. అతను చేస్తున్నది పైకి చెబుతుండండి చాలు: ‘ఎర్ర దిమ్మె పైన పెట్టావే’. ‘మంచి పిల్లాడివి’ అనకండి, ‘చెల్లికి బంతి ఇచ్చావు, బాగుంది’ అని చేసిన పని పేరు పెట్టి మెచ్చుకోండి, అప్పటికప్పుడే. ఏదైనా చేయమన్నప్పుడు దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూసి, ఒక్కటే చెప్పి, అయిదు సెకన్లు ఆగండి. కుక్కపిల్లతో, చెల్లితో పెద్దవాళ్లు లేకుండా ఒంటరిగా వదలకండి.

ఎక్కడ తప్పిపోతుందంటే, మొదటి రెండు మూడు వారాల్లో అల్లరి తగ్గదు సరికదా పెరుగుతుంది. పాత పద్ధతి పనిచేయడం లేదని పిల్లవాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. ‘ఇదీ పనిచేయలేదు’ అని తల్లిదండ్రులు సరిగ్గా అక్కడే ఆపేస్తారు. నిపుణుల దగ్గర ఈ శిక్షణ మూడు నాలుగు నెలలు సాగుతుంది. తల్లి ఒక మాట, తండ్రి ఒక మాట అయితే ఎన్ని నెలలైనా సాగదు.

ప్రశ్న: కంపెనీల అధిపతుల్లో మామూలు జనంలో కంటే నాలుగు రెట్లు సైకోపాత్‌లు ఉన్నారట, నిజమేనా?

జవాబు: ఆ మాట వెనక ఉన్నది ఎక్కువగా 2010 నాటి ఒక అధ్యయనం. 203 మంది కార్పొరేట్ ఉద్యోగుల్లో 3.9 శాతం మందికి, అంటే ఎనిమిది మందికి, 30 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మామూలు జనంలో 1 శాతం ఉంటారని అంచనా కాబట్టి ‘నాలుగు రెట్లు’. కానీ ఆ 203 మంది చీటీలు తీసి ఎంపిక చేసినవాళ్లు కాదు, మేనేజర్ల శిక్షణకు కంపెనీలు పంపినవాళ్లు. అందరూ అధిపతులూ కారు. ఎనిమిది మందిని బట్టి ప్రపంచంలోని అధిపతులందరినీ లెక్కకట్టకూడదు. అందులో మాకు ముఖ్యమనిపించిన సంగతి ఇంకొకటుంది. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు మాటకారులనీ, సృజన ఉన్నవాళ్లనీ పేరు తెచ్చుకున్నారు, పనితీరు మదింపులో మాత్రం వెనకబడ్డారు.

ప్రశ్న: దీనికి చికిత్స ఉందా?

జవాబు: సైకోపతీని తగ్గించే మందు లేదు. పుస్తకంలో వచ్చే కెనడాలోని ఓక్ రిడ్జ్ మానసిక ఆస్పత్రి ఉదంతం చదివి చాలామంది చికిత్స చేస్తే ఇంకా చెడిపోతారన్న నిర్ణయానికి వచ్చారు. 1960ల చివర్లో అక్కడ ఉంచిన నేరస్థులను బట్టలు లేకుండా కిటికీలు లేని గదిలో ఉంచి, ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఇచ్చి, ఒకరికొకరు మనసు విప్పుకునేలా చేశారు. 1992లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆ కార్యక్రమంలో ఉన్న సైకోపాత్‌లలో నాలుగింట మూడొంతులకు పైగా మళ్లీ హింసకు పాల్పడ్డారు. ఆ కార్యక్రమంలో లేని సైకోపాత్‌లలో అలా చేసినవాళ్లు సగం కంటే కొంచెం ఎక్కువమంది. ఎదుటివారి మనసు చదివే నేర్పు పెరిగింది, దాన్ని మోసానికి వాడుకున్నారు అన్నది ఒక వివరణ. కానీ దాన్ని చూపి చికిత్సే దండగ అనడం తప్పు. మత్తు ఇచ్చి, నగ్నంగా నిలబెట్టినదాన్ని ఇవాళ ఎవరూ చికిత్స అనరు. అమెరికాలో విస్కాన్సిన్‌లోని మెండోటా కేంద్రంలో కరడుగట్టిన టీనేజ్ కుర్రవాళ్లతో మంచి ప్రవర్తనకు రోజువారీగా చిన్న చిన్న సౌకర్యాలు ఇస్తూ పనిచేస్తే, విడుదలయ్యాక వాళ్ల హింసాత్మక నేరాలు బాగా తగ్గాయి. జాలి నేర్పడం అక్కడ లక్ష్యం కాదు. దెబ్బలాటకు దిగని దారి తనకే లాభమని రోజూ చూపించడం లక్ష్యం. వయసు తక్కువగా ఉన్నప్పుడు మొదలుపెడితే ఫలితం ఎక్కువ.

ప్రశ్న: రాన్సన్ అమెరికా సైకియాట్రీ గ్రంథం తిరగేసి తనకు పన్నెండు రుగ్మతలున్నాయని తేల్చుకుంటాడు. నాకూ అలాగే అనిపిస్తోంది.

జవాబు: లక్షణాల పేర్లు మాత్రమే చదివితే అందరికీ అలాగే ఉంటుంది. కింద ఉండే షరతులు కూడా చదవండి. డిప్రెషన్ అనాలంటే తొమ్మిదింట్లో అయిదు లక్షణాలు, రెండు వారాలు, దాదాపు ప్రతిరోజూ. ఎడతెగని ఆందోళన రుగ్మతకు (జనరలైజ్డ్ యాంగ్జయిటీ) ఆరు నెలలు. దాదాపు ఏ రుగ్మత అనాలన్నా అది తీవ్రంగా బాధించాలి, లేదా బతుకు నడకకు అడ్డుపడాలి. అడ్డుపడుతుంటే మాత్రం గ్రంథం మూసేసి డాక్టరును కలవండి.

ప్రశ్న: నా భర్తలో ఆ ఇరవైలో పదిహేను కనిపిస్తున్నాయి. కోపం వస్తే చెయ్యి చేసుకుంటారు, మర్నాడు ఎంతో ప్రేమగా ఉంటారు. ఓర్పుతో మార్చుకోగలనా?

జవాబు: ఆయన సైకోపాత్ అవునో కాదో తేలే దాకా మీ నిర్ణయం ఆగనక్కర్లేదు. చెయ్యి చేసుకుంటున్నారు, ఆ ఒక్కటి చాలు. ఎదుటివారి బాధ పట్టని మనిషికి మీ ఓర్పు పాఠం కాదు, వెసులుబాటు. ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. భయం ఉన్న చోట జంట కౌన్సెలింగ్ పనికిరాదు, గదిలో మీరన్న మాటకు ఇంట్లో శిక్ష పడుతుంది.

ఈ వారమే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గుర్తింపు పత్రాలు, పిల్లల పుట్టుక పత్రాలు, చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాల నకళ్లు మీరు నమ్మే మనిషి దగ్గర ఉంచండి. మీ ఒక్కరి పేరుతో ఖాతా తెరవండి, దాని సందేశాలు ఆయన చూడని నంబరుకు రావాలి. మీ ఫోన్‌లో మీరెక్కడున్నారో ఆయనకు చూపించే యాప్‌లు ఉన్నాయేమో ఇంకొకరి చేత చూపించండి. దెబ్బ తగిలినప్పుడల్లా డాక్టరుకు చూపించి ఎలా తగిలిందో రాయించుకోండి. ఒక స్నేహితురాలితో సంకేత పదం అనుకోండి, ఆ మాట మెసేజ్ చేస్తే ఆమె ఏమీ అడగకుండా పోలీసులకు ఫోన్ చేయాలి. గొడవ మొదలైతే వంటగదిలోకీ, గడియ ఉన్న చిన్న గదిలోకీ వెళ్లకండి, బయటి తలుపు వైపు నడవండి.

వదిలి వెళ్లాలనుకుంటే ఆ మాట ఆయనతో ముందుగా అనకండి, కోపంలో కూడా. ఆ నిర్ణయం ఆయనకు తెలిసిన రోజులూ, మీరు బయటపడ్డాక వచ్చే మొదటి వారాలూ అన్నిటికంటే ప్రమాదకరమైనవి. గృహహింస బాధితులకు సాయపడే సంస్థతో ముందే మాట్లాడి, ఎక్కడికి, ఏ పూట, ఎవరితో అన్నది ఖాయం చేసుకున్నాకే కదలండి. పిల్లలకు ఆ పూట దాకా చెప్పకండి.